ఫిక్స్‌డ్ పళ్ళే మేలా? కట్టుడు పళ్ళ గురించి అపోహలు – వాస్తవాలు

ఒడిశా సరిహద్దులోని పర్లాకిమిడిలో ఉన్న నా క్లినిక్కుకు పళ్ళు కట్టించుకోవడానికి వచ్చేవారిలో చాలామంది కుర్చీలో సర్దుకుని కూర్చోకముందే ఒక మాట చెప్పేస్తారు: "బాబూ, తీసి పెట్టుకునే సెట్టు మాత్రం వద్దు, ఫిక్స్‌డే కట్టేయండి." సరిహద్దు దాటి పాతపట్నం నుంచి వచ్చినవారైనా, కాశీనగరం, గుణుపురం వైపు నుంచి వచ్చినవారైనా మాట ఇదే. నోట్లో ఎన్ని పళ్ళు మిగిలాయో, వాటిలో ఎన్ని కదులుతున్నాయో చూడకముందే నిర్ణయం జరిగిపోయి ఉంటుంది. నేను విన్న అపోహలన్నిటిలోకీ జనానికి ఎక్కువ నష్టం చేసినది ఇదే.

గత వర్షాకాలంలో ఒక పెద్దావిడను ఆమె మనవడు తీసుకువచ్చాడు. కింది ముందు పళ్ళు నాలుగు పోతే, సంతలో ఒకతను గంటలో 'ఫిక్స్‌డ్' కట్టాడట. పొడినీ ద్రవాన్నీ కలిపి ముద్ద చేసి, అది చిగురు మీదే గట్టిపడేలా అద్ది, ఇరుపక్కల ఉన్న కోరపళ్ళకు సన్నని తీగ చుట్టి బిగించాడు. ఆ ప్లాస్టిక్కు కిందికి బ్రష్షు పోదు, నీరు పోదు, అన్నం మెతుకు మాత్రం పోతుంది. దాన్ని ముక్కలుగా కోసి తీయడానికి నాకు ముప్పావుగంట పట్టింది. చివరి ముక్క లేచేసరికి గదంతా దుర్వాసన కమ్మింది. తీగ చిగురులోకి దిగిపోయి ఉంది. చిగురు పచ్చిపుండులా ఉంది. కోరపళ్ళు రెండూ వేలితో తాకితేనే ఊగుతున్నాయి. నాలుగు పళ్ళు కట్టించుకోవడానికి వెళ్ళిన మనిషికి చివరకు ఆరు పోయాయి. "అయితే ఇది ఫిక్స్‌డ్ కాదా బాబూ?" అని ఆవిడ అడిగినప్పుడు నాకు కోపం వచ్చింది కానీ, అది ఆవిడ మీద కాదు. 1948లోనే దంతవైద్యుల చట్టం వచ్చిన దేశంలో అర్హత లేనివారు ఇంకా సంతలో బల్ల మీద పళ్ళు కట్టేస్తున్నారు.

అసలైన ఫిక్స్‌డ్ పళ్ళు, అంటే బ్రిడ్జి, వేరు. ఖాళీకి ఇటూ అటూ ఉన్న గట్టి పళ్ళను అరగదీసి, వాటికి క్యాపులు తొడిగి, మధ్య పన్నును ఆ క్యాపులకు కలిపి చేసేది అది. దూలానికి స్తంభాలు ఎంత ముఖ్యమో బ్రిడ్జికి ఆ పక్కపళ్ళు అంత ముఖ్యం కాబట్టి, వెనక దవడపళ్ళన్నీ పోయి అటువైపు స్తంభమే లేనప్పుడు గానీ, ఖాళీ మరీ పొడవుగా ఉన్నప్పుడు గానీ, పక్కపళ్ళ చుట్టూ ఎముక కరిగిపోయినప్పుడు గానీ బ్రిడ్జి కట్టడమంటే మిగిలినవాటిని కూడా పీకడానికి ముహూర్తం పెట్టడమే. ఈ తప్పు నేనూ చేశాను. ప్రాక్టీసు పెట్టిన కొత్తలో ఒక రిటైర్డు మాస్టారు, కూతురి పెళ్ళి దగ్గరపడిందని బతిమాలితే, సందేహిస్తూనే పొడవాటి బ్రిడ్జి కట్టాను. రెండేళ్ళు దాటేసరికి ఆయన దాన్ని, స్తంభాలుగా వాడిన సొంత పళ్ళతో సహా, జేబురుమాలులో మూటగట్టి తెచ్చి నా బల్ల మీద పెట్టారు. ఒక్క మాటా అనలేదు. అనుంటే బాగుండేది.

అటువంటి నోటికి తీసి పెట్టుకునే సెట్టే న్యాయం చేస్తుంది. అది తక్కువ రకం వైద్యం కాదు. రోజూ తీసి కడుగుకోవచ్చు, మిగిలిన పళ్ళను శుభ్రంగా తోముకోవచ్చు, రేపు ఇంకో పన్ను పోతే చాలాసార్లు అదే సెట్టుకు ఒక పన్ను చేర్చవచ్చు. మిగిలిన పళ్ళు గట్టిగా ఉన్నవారికి కోబాల్ట్ క్రోమియం లోహంతో పోతపోసిన సెట్టు మంచిది, ఎందుకంటే నమిలే బరువులో కొంత చిగురు మీద కాక పళ్ళ మీద పడుతుంది, పైగా పలుచగా ఉంటుంది. ఇప్పుడు అందరూ అడిగే మెత్తటి 'ఫ్లెక్సిబుల్' సెట్టు తీగ కనిపించకుండా అందంగా ఉంటుంది, నిజమే. కానీ చిగురు అరిగి వదులైతే దాన్ని సరిచేయడం కష్టం.

పళ్ళన్నీ పోయినవారికి ఒక సంగతి ముందే చెబుతాను. పై సెట్టు అంగిలిని కప్పి లాలాజలపు పట్టుతో నిలుస్తుంది. కింది సెట్టుకు ఆ వీలు లేదు, పైగా నాలుక దాన్ని ఊరకే ఉండనివ్వదు. నమిలే బలం సొంత పళ్ళతో పోలిస్తే సుమారు నాలుగో వంతే. కాబట్టి కింది సెట్టు కదిలిందని కంగారుపడి డాక్టర్లను మార్చకండి, కొన్ని వారాలు అలవాటు చేసుకోండి. అప్పటికీ నిలవకపోతే, ఎముక అనుకూలిస్తే, కింద రెండు ఇంప్లాంట్లు (దవడ ఎముకలో బిగించే లోహపు మరలు) వేసి సెట్టును వాటికి బొత్తాంలా నొక్కి పెట్టుకునే పద్ధతి ఉంది. షుగరు అదుపులో ఉంటే అందుకు అడ్డు కాదు, పొగాకు అడ్డే.

పై పన్ను పీకితే కంటిచూపు పోతుందన్నది వట్టి మాట. దాని మీద ఇంకో వాక్యం వృథా. సెట్టు ఒకసారి చేయిస్తే జన్మంతా వస్తుందన్నదీ అంతే: కింద ఎముక అరుగుతూనే ఉంటుంది, సెట్టు మాత్రం అలాగే ఉంటుంది. రాత్రి తీసి చల్లని నీళ్ళలో వేయండి, వేడినీళ్ళలో వేస్తే వంకర పోతుంది. అడ్డపొగ (చుట్ట నిప్పు కొసను నోట్లో పెట్టుకుని) తాగే అలవాటున్న అమ్మలు అంగిలిలో తెల్లమచ్చలున్నాయేమో ముందు చూపించుకోవాలి, ఎందుకంటే పై సెట్టు వచ్చాక వాటిని అదే కప్పేస్తుంది.

వచ్చేటప్పుడు పాత సెట్టు, విరిగినదైనా సరే, ముక్కలన్నీ వెంట తెండి. చాలాసార్లు వాటిని సరిగ్గా కలిపి బాగుచేయవచ్చు. ఇంట్లో గమ్ముతో అతికించి మాత్రం తేకండి, ఆ గమ్ము గోకడానికే నాకు ఒక పూట పడుతుంది.