ఖాళీ అయిన క్లీనర్ సీటు

నార్కట్‌పల్లి నుంచి సూర్యాపేట దాకా, ఇటు షాద్‌నగర్ నుంచి పెబ్బేరు దాకా ఏ దాబాలో కూర్చున్నా లారీ ఓనర్లది ఒకటే మాట: ‘బండ్లున్నయ్, నడిపెటోళ్లు లేరు.’ పక్క బల్ల మీద చాయ్ తాగే పిల్లల్లో కారు లైసెన్సు ఉన్నవాళ్లకు కొదవ లేదు. హెవీ, అంటే పెద్ద లారీ లైసెన్సు, ఉన్నవాళ్లే కనబడరు. ఎందుకిలా అయిందో చెప్పాలంటే చట్టం కన్నా ముందు లారీ క్యాబిన్ సంగతి చెప్పుకోవాలి.

ఒకప్పుడు హెవీ నేర్చుకోవడమంటే క్లీనర్‌గా బండెక్కడమే. రాడ్డుతో కొట్టి టైర్లలో గాలి చూడడం, లోడు మీద పట్టా కప్పి తాళ్లు బిగించడం, రివర్సులో వెనక నిలబడి ‘రానియ్, రానియ్’ అని అరవడం, స్టెప్నీ మార్చడం, ఉస్తాద్ కునుకు తీస్తే బండికి కాపలా ఉండడం. జీతం అంతంతే, తిండి, బత్తా దొరికేవి. రెండు మూడేళ్లు తిరిగాక ఏ రాత్రో, బండి ఖాళీగా ఉన్నప్పుడు, ఎదురు వాహనాలు లేని చోట స్టీరింగ్ చేతికొచ్చేది. చట్టం ఒప్పని పనే. కానీ మేళ్లచెరువు సిమెంటుతోనో మిర్యాలగూడ బియ్యంతోనో నిండిన బండి ఎంత దూరంలో ఆగుతుందో, మన్ననూరు దాటి శ్రీశైలం ఘాట్‌లో దిగేటప్పుడు బ్రేకును కాకుండా గేరును ఎందుకు నమ్ముకోవాలో పిల్లాడికి తెలిసింది అక్కడే. తర్వాత ఏజెంటును పట్టుకుని ఆర్టీవో ఆఫీసుకు వెళ్లడం, లైసెన్సు టెస్టు పెట్టే బ్రేక్ ఇన్‌స్పెక్టర్ ముందు బండి తిప్పి చూపడం చివరి తంతు.

చట్టం కూడా మొదట్లో మెట్లు మెట్లుగానే ఆలోచించింది. 1939 నాటి చట్టం స్థానంలో 1988 మోటారు వాహనాల చట్టం 1989 జూలై 1 నుంచి అమల్లోకి వచ్చింది. సరుకుతో కలిపి 12,000 కిలోలు దాటే లారీ హెవీ. దానికి ఎల్‌ఎల్‌ఆర్ (నేర్చుకునేవాళ్లకిచ్చే లైసెన్సు) కావాలంటే తేలికపాటి వాహనం లైసెన్సు రెండేళ్లుగా అయినా ఉండాలి, మీడియం లారీ లైసెన్సు ఏడాదిగా అయినా ఉండాలి. నేషనల్ పర్మిట్ లారీలో ఇద్దరు డ్రైవర్లుండాలని, రెండోవాడు కాళ్లు చాపి పడుకునేంత సీటు వెనక ఉండాలని 1989 నిబంధనల్లో రాశారు. రాసినవాళ్లెవరో లారీ ఎక్కినవాళ్లే అనిపిస్తుంది.

1994 సవరణ మీడియం, హెవీ తేడా చెరిపేసి అన్నిటినీ ‘ట్రాన్స్‌పోర్ట్ వాహనం’ అని ఒకే గాటన కట్టింది. ఇరవై ఏళ్లు నిండి, ఎల్‌ఎంవీ (తేలికపాటి వాహనం) లైసెన్సు తీసుకుని ఏడాదైతే చాలు, ఎల్‌ఎల్‌ఆర్‌కు అర్హత వచ్చేసినట్టే. ఆపైన డ్రైవింగ్ స్కూలు ఇచ్చే శిక్షణ సర్టిఫికెట్ ఫారం 5, డాక్టరు సంతకం పెట్టే ఆరోగ్య సర్టిఫికెట్ ఫారం 1ఎ. స్కూల్లో బండి నడిపించాల్సింది కనీసం 15 గంటలు. ఆ మధ్య మెట్టు తీసేయడం నా లెక్కలో తప్పు. క్లీనర్లు ఉన్నన్నాళ్లు ఆ తప్పు బయటపడలేదు, అంతే.

2007లో చదువు వచ్చి అడ్డం పడింది. ట్రాన్స్‌పోర్ట్ లైసెన్సు కొత్తగా కావాలంటే ఎనిమిదో తరగతి పాసై ఉండాలన్నారు. 2011 జనాభా లెక్కల్లో మహబూబ్‌నగర్ అక్షరాస్యత 55 శాతం. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో అన్ని జిల్లాలకన్నా అడుగున. తట్ట పట్టుకుని దేశమంతా ఆనకట్టలు కట్టొచ్చిన పాలమూరు కూలీల ఇళ్లలో సర్టిఫికెట్ ఎక్కడిది? చేతిలో పని ఉంది, కాగితం లేదు. ఈ బాధ మనవాళ్లదే కాదు. హర్యానాలోని వెనకబడిన మేవాత్ డ్రైవర్ల కోసం అక్కడి ప్రభుత్వం అడిగాకే కేంద్రం కదిలింది. 2019 జూన్‌లో ఈ షరతు ఎత్తేస్తున్నామని ప్రకటిస్తూ, దేశంలో దాదాపు 22 లక్షల మంది డ్రైవర్ల కొరత ఉందని కూడా చెప్పింది. పెట్రోలు, గ్యాసు ట్యాంకర్లు నడపాలంటే మాత్రం ఇప్పటికీ చదవడం రాయడం రావాలి, ప్రత్యేక శిక్షణ ఉండాలి. అది ఉండాల్సిందే.

కానీ షరతు పోయే నాటికే క్యాబిన్‌లో ఎడమ సీటు, అంటే క్లీనర్ సీటు, ఖాళీ అయిపోయింది. నాలుగు లైన్ల రోడ్లు, ట్యూబ్‌లెస్ టైర్లు, ఫాస్టాగ్ వచ్చాక క్లీనర్ చేసే పని సగం పోయింది. కిరాయి గిట్టని ఓనరు ముందుగా కోసింది అతని బత్తానే. ఇక డ్రైవరుగా ముసలైన తండ్రి కొడుకును ఆ సీటులో కూర్చోబెట్టడానికి ఒప్పుకోడు.

కారు లైసెన్సున్నవాడికి 2024 నవంబరు 6న సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం కొంత దారి చూపింది. 7,500 కిలోల లోపు సరుకు బండి నడపడానికి లైసెన్సు మీద ‘ట్రాన్స్‌పోర్ట్’ అని వేరే ఎండార్స్‌మెంట్ అక్కర్లేదంది. దాంతో చిన్న డీసీఎం దాకా సరే. పది, పన్నెండు టైర్ల లారీకి కాదు.

2021 జూలై నుంచి వచ్చిన గుర్తింపు పొందిన శిక్షణ కేంద్రాల నిబంధనల్లో హెవీ కోర్సు ఆరు వారాల్లో 38 గంటలు. పాసైతే ఆర్టీవో దగ్గర మళ్లీ టెస్టు లేదు. మన రాష్ట్రంలో ఇలాంటి శిక్షణకు పేరున్న సంస్థ సిరిసిల్ల దగ్గర మండేపల్లిలో ఉంది. గద్వాల పిల్లాడు అక్కడికి పోవాలంటే హైదరాబాద్ దాటి పోవాలి. ఆరు వారాల కూలి పోగొట్టుకోలేనివాడు ఊళ్లోనే ట్రాక్టరు ట్రాలీ రివర్సు తీయడం నేర్చుకుంటున్నాడు.