దూదిపుల్లకు అంటినది ఎంత?

అరెస్టయిన వ్యక్తి బుగ్గ లోపలి వైపు దూదిపుల్లతో కొన్ని సెకన్లు రుద్ది డీఎన్ఏ నమూనా తీయడం వేలిముద్ర వేయించినంత సులువుగా ముగిసిపోతుంది. నొప్పి ఉండదు, రక్తం రాదు. ఈ సులువును చూపి రెండూ ఒకటేనని వాదించేవారు ఉన్నారు. అయితే వేలిముద్రలో ఉండేది చర్మం మీది గీతలు మాత్రమే కాగా, ఆ పుల్లకు అంటిన కణాల కేంద్రకంలో దాదాపు 300 కోట్ల అక్షరాల జన్యులిపి రెండేసి ప్రతులుగా ఉంటుంది.

పోలీసు ప్రయోగశాల ఆ లిపినంతా చదవదన్న మాట నిజమే. చిన్న ముక్కలు వరసగా పునరావృతమయ్యే కొన్ని చోట్లను ఎంచుకుని, అక్కడ ఎన్నిసార్లు పునరావృతమయ్యాయో మాత్రమే లెక్కిస్తుంది. ఉదాహరణకు టీహెచ్01 అనే చోట నాలుగక్షరాల ముక్క ఒకరిలో 6 సార్లు, మరొకరిలో 9 సార్లు రావచ్చు. ప్రతి చోటా తల్లి నుంచి ఒక సంఖ్య, తండ్రి నుంచి ఒక సంఖ్య వస్తాయి. అమెరికా జాతీయ డీఎన్ఏ డేటాబేస్ వ్యవస్థ కోడిస్ మొదట ఇలాంటి 13 స్థానాలను వాడేది, 2017 నుంచి 20 వాడుతోంది. అంటే డేటాబేస్‌కు ఎక్కేది కొన్ని జతల అంకెలు, వీటినే ప్రొఫైల్ అంటారు. వాటిని బట్టి మనిషి రోగాలు చెప్పడం దాదాపు అసాధ్యం, కానీ బంధుత్వం మాత్రం బయటపడుతుంది, ఎందుకంటే తండ్రికీ కొడుకుకూ ప్రతి చోటా సాధారణంగా ఒక సంఖ్య కలుస్తుంది. లాస్ ఏంజిలిస్‌లో ‘గ్రిమ్ స్లీపర్’గా పేరుపడ్డ హంతకుడు 2010లో దొరికింది తన కొడుకు ప్రొఫైల్ ద్వారానే. ఆ ఫలితాన్ని నేను తక్కువ చేయను. కాకపోతే ఒకరి నమూనాతో ఇంటిల్లిపాదీ పోలీసుల వెతుకులాట పరిధిలోకి వస్తారన్నది గుర్తుంచుకోవాలి.

అమెరికా సుప్రీంకోర్టు 2013లో మేరీలాండ్ వర్సెస్ కింగ్ కేసులో, తీవ్ర నేరారోపణపై అరెస్టయిన వారి నుంచి నమూనా తీయడం రాజ్యాంగబద్ధమేనని 5–4 తేడాతో తేల్చింది. నిందితుడు ఎవరో గుర్తించడానికే ఇదంతా అని జస్టిస్ కెనడీ రాశారు. అసమ్మతి తీర్పులో జస్టిస్ స్కాలియా ఈ కారణాన్ని తేదీలతోనే ఖండించారు. కింగ్‌ను 2009 ఏప్రిల్ 10న అరెస్టు చేసి, అదే రోజు నమూనా తీశారు. 2003 నాటి అత్యాచారం కేసుతో అది సరిపోలినట్టు తేలింది ఆగస్టు 4న. ఆ నాలుగు నెలలూ అతడు ఎవరో అందరికీ తెలుసు. వెతికినది అతడి గుర్తింపును కాదు, అప్పటిదాకా అతడిని ఎవరూ అనుమానించని మరో నేరాన్ని. ఆ నేరం నిజమే కావడం వల్ల నమూనా తీయాలన్న వాదన బలపడినట్టు కనిపిస్తుంది గానీ, గుర్తింపు అన్న కారణం నిలబడదు.

ఐరోపా మానవ హక్కుల న్యాయస్థానం 2008లో ఎస్ అండ్ మార్పర్ కేసులో మరో కోణం చూసింది. బ్రిటన్‌లో ఒకరు 11 ఏళ్ల వయసులో అరెస్టయి నిర్దోషిగా విడుదలైన బాలుడు, మరొకరిపై కేసు మధ్యలోనే ఆగిపోయింది. అయినా ఇద్దరి నమూనాలనూ పోలీసులు ఉంచుకున్నారు. శిక్ష పడని వారి డీఎన్ఏను ఇలా విచక్షణ లేకుండా, గడువు లేకుండా దాచడం వ్యక్తిగత జీవిత హక్కుకు భంగమని 17 మంది న్యాయమూర్తులూ ఏకగ్రీవంగా చెప్పారు. దాంతో బ్రిటన్ 2012లో చట్టం మార్చి, అంకెల ప్రొఫైల్‌నూ అసలు నమూనానూ వేరుగా చూసింది. కణాలున్న నమూనాను సాధారణంగా ఆరు నెలల్లోగా నాశనం చేయాలి. ఈ విభజనే అన్నిటికంటే ముఖ్యమని నాకనిపిస్తుంది, ఎందుకంటే అంకెలు ఎప్పటికీ అంకెలే, కణాలను మాత్రం రేపు వచ్చే యంత్రంతో మళ్లీ మొదటి నుంచి చదవవచ్చు.

అమెరికా ఫెడరల్ చట్టం కూడా నిర్దోషుల ప్రొఫైల్‌ను తొలగించమనే చెబుతుంది. కానీ అందుకు ప్రతి ఆరోపణా వీగిపోయిందని చూపే కోర్టు తుది ఉత్తర్వు ధ్రువీకృత ప్రతి ముందుగా ప్రభుత్వానికి చేరాలి.