పోలీసు కేసు పడితే: జనం నమ్మేవి, నిజంగా జరిగేవి

జిల్లా కోర్టులో క్రిమినల్ కేసులు చూసే లాయర్‌ని. కేసు పడ్డ మనిషి మా ఆఫీసుకు వచ్చేసరికే బావమరిదో, ఊరి పెద్దో, తెలిసిన హోంగార్డో సలహాలన్నీ ఇచ్చేసి ఉంటారు. వాటిలో సగం తప్పు. ఆ తప్పులతో జరిగే నష్టం చాలావరకు మొదటి ఒకటి రెండు రోజుల్లోనే జరిగిపోతుంది.

అపోహ: ఇప్పుడే లాయర్ ఎందుకు? చార్జిషీటు వేశాక చూసుకోవచ్చు.

వాస్తవం: నేను చూసినంతలో మనిషిని ఎక్కువ ముంచేది ఈ నమ్మకమే. అరెస్టయిన మనిషికి తనకు నచ్చిన లాయర్‌తో మాట్లాడే హక్కు రాజ్యాంగం 22వ అధికరణంలోనే ఉంది. విచారణ జరిగినంతసేపూ లాయర్ పక్కన కూర్చోవడం కుదరదు కానీ, ఆ సమయంలో కలవనివ్వాలని బీఎన్‌ఎస్‌ఎస్ (పాత సీఆర్‌పీసీ స్థానంలో వచ్చిన భారతీయ నాగరిక్ సురక్షా సంహిత) 38వ సెక్షన్ చెబుతుంది.

అసలు చాలా కేసుల్లో అరెస్టు కంటే ముందు నోటీసు వస్తుంది. ఏడేళ్ల వరకు శిక్ష పడే నేరాల్లో కేసు పెట్టగానే అరెస్టు చేసేయొద్దని 2014లో అర్నేష్ కుమార్ కేసులో సుప్రీంకోర్టు గట్టిగా చెప్పింది. అప్పటి సీఆర్‌పీసీ 41ఏ సెక్షన్ నోటీసే 2024 జూలై 1 నుంచి బీఎన్‌ఎస్‌ఎస్ 35(3) కింద వస్తోంది. స్టేషన్లలో మాత్రం ఇంకా 'ఫార్టీవన్ ఏ' అనే అంటారు. ఆ కాగితం మీద క్రైమ్ నంబరు, సెక్షన్లు, రావాల్సిన తేదీ, సమయం ఉంటాయి. చెప్పిన టైముకు వెళ్లి విచారణకు సహకరిస్తే, తగిన కారణం రాతపూర్వకంగా నమోదు చేయకుండా అరెస్టు చేయడానికి లేదు. వెళ్లకపోతే ఆ రక్షణ పోతుంది. మనవాళ్లు ఏం చేస్తారు? నోటీసు జేబులో పెట్టుకుని ఎమ్మెల్యే మనిషి కోసం తిరుగుతారు. గడువు దాటిపోతుంది.

ఈ నోటీసును వాట్సాప్‌లో పంపితే చెల్లదని సుప్రీంకోర్టు 2025 జనవరిలో స్పష్టం చేసింది. ఇక వీడియో కాల్‌లో యూనిఫాం వేసుకుని 'డిజిటల్ అరెస్ట్' అని బెదిరించేవాడు పక్కా మోసగాడు. చట్టంలో అలాంటి అరెస్టే లేదు. ఫోన్ పెట్టేసి సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి చేయండి.

అపోహ: స్టేషన్‌లో ఒప్పుకుంటే ఇక శిక్షే.

వాస్తవం: పోలీసు అధికారి ముందు నేరం ఒప్పుకున్నా, కోర్టులో అది సాక్ష్యంగా చెల్లదు. భారతీయ సాక్ష్య అధినియమం 23వ సెక్షన్ అదే. అలాగని ఏం వాగినా ఫర్వాలేదనుకోవద్దు. 'కత్తి ఫలానా చెరువు గట్టు మీద పడేశాను' అని నిందితుడు చెప్పి, కత్తి అక్కడే దొరికితే, అది దొరకడానికి దారి తీసిన ఆ ముక్క మేరకు చెల్లుతుంది. ఇంటరాగేషన్‌లో అన్నిటికంటే ప్రమాదమైన ముక్క అదే.

దర్యాప్తులో పోలీసులు రాసుకునే వాంగ్మూలం మీద చెప్పినవాళ్లు సంతకం పెట్టకూడదని చట్టమే అంటోంది. ఖాళీ కాగితం మీదైతే ఎవరడిగినా పెట్టొద్దు. అరెస్టు మెమో, నోటీసు వేరే సంగతి. వాటిని చదివి సంతకం పెట్టండి, కాపీ అడిగి తీసుకోండి.

అపోహ: ఉచిత లాయర్ కటిక పేదలకే. ఇచ్చినా పట్టించుకోడు.

వాస్తవం: 1987 నాటి న్యాయ సేవల చట్టం 12వ సెక్షన్ తీసి చూడండి. మహిళలు, పిల్లలు, ఎస్సీలు, ఎస్టీలు, దివ్యాంగులు, కస్టడీలో ఉన్నవారు: వీళ్లెవరికీ ఆదాయ పరిమితి లేదు. అంటే అరెస్టయిన మనిషి భూస్వామి అయినా అడగొచ్చు. జిల్లా కోర్టు ఆవరణలోనే న్యాయ సేవాధికార సంస్థ ఉంటుంది. 15100కి ఫోన్ చేసినా చాలు.

పట్టించుకోరన్న మాటలో కొంత నిజం లేకపోలేదు. ప్యానెల్ లాయర్ (ఆ సంస్థ జాబితాలోంచి ఇచ్చే ప్రైవేటు లాయర్) సొంత కేసుల హడావుడిలో వాయిదాకు రాకపోవడం నేనూ చూశాను. ఇప్పుడు చాలా జిల్లాల్లో నిందితుల కోసమే పూర్తికాలం పనిచేసే లీగల్ ఎయిడ్ డిఫెన్స్ కౌన్సిల్ ఉన్నారు. వాళ్లు ప్రైవేటు కేసులు పట్టరు. నా మట్టుకు నేను, అప్పు చేసి ఊరూ పేరూ తెలియని లాయర్‌ని పెట్టుకోవడం కంటే వీళ్లే నయమంటాను.

అరెస్టయిన 24 గంటల్లో, ప్రయాణ సమయం పోను, మేజిస్ట్రేట్ ముందు హాజరుపరచాలి. ఆదివారమైతే జడ్జి ఇంటికే తీసుకెళ్తారు. అక్కడ అడుగుతారు: 'ఎప్పుడు పట్టుకున్నారు? కొట్టారా? ఇంట్లో తెలుసా? లాయర్ ఉన్నారా?' వెనకాల కానిస్టేబుల్ నిలబడి ఉంటాడు కాబట్టి చాలామంది నోరు మెదపరు. లాయర్ కావాలి అని ఒక్క మాట అక్కడ చెప్పాలి. ఆ హక్కు గురించి తొలిసారి హాజరుపరిచినప్పుడే మేజిస్ట్రేట్ నిందితుడికి చెప్పాలని 2012లో కసబ్ తీర్పులో సుప్రీంకోర్టు అంది.

అపోహ: లాయర్‌కి అన్నీ చెప్పేస్తే బయటికి పొక్కుతుంది.

వాస్తవం: మీరు చెప్పింది మీ అనుమతి లేకుండా మేం బయటపెట్టకూడదు. ఇకపై చేయబోయే నేరానికి సాయం అడిగితే మాత్రం ఆ రక్షణ లేదు. నా దగ్గర దాచిన విషయం ప్రాసిక్యూషన్ నోట వింటే నేను చేయగలిగేది తక్కువ.

అపోహ: బెయిలు వస్తే సాయంత్రానికి ఇంట్లో ఉంటాడు.

వాస్తవం: ఆర్డర్ వచ్చాక జామీనుదారులు కావాలి. వాళ్ల ఆధార్, ఇంటి పన్ను రసీదు, ఆస్తి కాగితాలు కోర్టు చూస్తుంది. ఇద్దరు మనుషులు దొరక్క జైల్లోనే ఉండిపోయేవాళ్లున్నారు. బెయిలబుల్ నేరమైతే, వారం దాటినా జామీను ఇవ్వలేని మనిషిని పేదవాడిగా లెక్కగట్టి సొంత పూచీకత్తు మీద వదలాలి. మిగతా కేసుల్లో షరతులు తగ్గించమని పిటిషన్ వేయాలి.

ఇంకొకటి: చార్జిషీటు 60 రోజుల్లో, పదేళ్లు అంతకు మించి శిక్ష ఉండే కేసుల్లో 90 రోజుల్లో పడకపోతే బెయిలు హక్కుగా వస్తుంది. కానీ అడిగితేనే. మీరు పిటిషన్ వేసేలోపు చార్జిషీటు పడితే ఆ అవకాశం చేజారినట్టే.

అపోహ: రాజీ పడ్డాం, కేసు పోయింది.

వాస్తవం: పెద్దమనుషులు రాసిన కాగితంతో కేసు పోదు. కొన్ని నేరాల్లోనే రాజీ కుదురుతుంది. మిగతా వాటికి కొట్టేయమని హైకోర్టుకు వెళ్లాలి. ఒకప్పుడు అది సీఆర్‌పీసీ 482వ సెక్షన్, ఇప్పుడు బీఎన్‌ఎస్‌ఎస్ 528. కొత్త చట్టంలో 482 అంటే ముందస్తు బెయిలు, అందుకే మా బార్ రూముల్లో కూడా ఇంకా తడబడుతున్నారు. కేసు కొట్టేసిన ఆర్డర్ చేతికొచ్చేదాకా ప్రతి వాయిదాకూ వెళ్లండి. వెళ్లకపోతే వారెంటు వస్తుంది, రాజీపడ్డ మనిషే మళ్లీ జామీనుదారుల కోసం తిరగాల్సి వస్తుంది.