అమ్మవారికి వంకాయల దండ ఎందుకు?

విజయవాడ,
ఆషాఢ మాసం.

చిరంజీవులైన పిల్లలకు అమ్మమ్మ ఆశీస్సులు.

పట్టుచీరలూ బంగారు నగలూ ఉన్న కనకదుర్గమ్మకు ఆషాఢంలో వంకాయలు, బెండకాయలు దండలు గుచ్చి ఎందుకు వేస్తారని మొన్న ఫోనులో అడిగారు. రెండు మాటల్లో తేలే ప్రశ్న కాదు కనుక ఈ ఉత్తరం రాస్తున్నాను.

ఆ కథ దేవీభాగవతం ఏడవ స్కంధంలో ఉంది. దుర్గముడనే రాక్షసుడు తపస్సు చేసి, బ్రహ్మ దగ్గర వేదాలను వరంగా పుచ్చుకున్నాడు. ఋషులు మంత్రాలు మరచిపోవడంతో యజ్ఞాలు ఆగాయి. యజ్ఞాలు లేక దేవతలకు హవిస్సు అందలేదు. హవిస్సు అందక వానలు పోయాయి. నూరేళ్లు చినుకు రాలలేదు. బావులూ చెరువులూ ఎండి, పశువులూ మనుషులూ రాలిపోతూ ఉంటే, మిగిలినవారు హిమాలయానికి వెళ్లి అమ్మను వేడుకున్నారు.

దసరాలో త్రిశూలం పట్టిన అమ్మనే చూసిన మీరు ఇక్కడ కాస్త ఆగి చదవాలి. అమ్మ ఒంటినిండా కళ్లతో వచ్చి, బిడ్డల అవస్థ చూడలేక, ఆ కళ్లన్నిటితోనూ తొమ్మిది రాత్రులు ఏడ్చింది. ఆ కన్నీరే వానై నదులు నిండాయి. అందుకే ఆమె శతాక్షి, అంటే నూరు కళ్ల తల్లి. ఆపైన తన చేతిలోని కూరలు, పండ్లు, దుంపలు వారికి పెట్టింది. పశువులకు గడ్డి వేసింది. యుద్ధం ఆ తరువాతిది. పదకొండవ రోజున దుర్గముణ్ణి చంపి, వేదాలు తిరిగి ఇచ్చి, వాడి పేరు మీదనే దుర్గ అయింది. మన కొండమీది అమ్మకు ఆ పేరు రావడానికీ, ఆ కూరగాయలకూ మూలం ఒకే కథ.

అలా కూరలు పెట్టిన అమ్మను అందరూ శాకంబరి అంటారు గాని, అసలు మాట శాకంభరి. శాకమంటే కూర, భరించడమంటే ఇక్కడ పోషించడం. కూరలతో కడుపు నింపిన తల్లి అని అర్థం.

ఇంద్రకీలాద్రి మీద శాకంభరి ఉత్సవం ఆషాఢ పౌర్ణమితో ముగిసేలా మూడు రోజులు జరుగుతుంది. చుట్టుపక్కల రైతులు, వ్యాపారులు కూరగాయలు తెచ్చి ఇస్తారు. ఆడవాళ్లు వరుసగా కూర్చుని దబ్బనంతో పురికొసకు కాకరకాయలు గుచ్చుతూ ఉంటే, వేళ్లకు ఆ పచ్చివాసన సాయంత్రం దాకా పోదు. బెండకాయను మాత్రం తొడిమ దగ్గరే గుచ్చాలి, నడుమ గుచ్చితే జిగురు కారి దారం జారిపోతుంది. కొండపైన ప్రసాదంగా పెట్టే కదంబంలోనూ కూరగాయ ముక్కలే ఎక్కువగా కనిపిస్తాయి.

పౌర్ణమికి ముందురోజే బయలుదేరి రండి. మన పెరటి పాదుకు కాసిన ఆనపకాయను కోయకుండా ఉంచాను. దాన్ని మీ చేతులతోనే కొండమీద ఇద్దురు గాని.

మీ అమ్మమ్మ