కాడి మీద ఎంత బరువుండాలి?

ఊపు మొదలైనప్పుడు నేను గంటకు 85 కిలోమీటర్ల వేగంలో ఉన్నాను. రోడ్డు కాస్త పల్లం. ఒక పెద్ద లారీ మమ్మల్ని దాటి వెళ్ళింది. దాని గాలికి మా కారు వెనక తగిలించిన కారవాన్ ఒకసారి పక్కకు తుళ్ళింది. అక్కడితో ఆగుతుందనుకున్నాను. ఆగలేదు. అటూ ఇటూ, అటూ ఇటూ, ప్రతిసారీ ఇంకొంచెం ఎక్కువగా. పక్క అద్దంలో దాని అంచు కనబడుతోంది, మాయమవుతోంది, మళ్ళీ కనబడుతోంది. కారు తోక పట్టుకుని ఎవరో కుదుపుతున్నట్టుంది. వెనక సీట్లో పిల్లలు మాట్లాడటం మానేశారు.

యాక్సిలరేటర్ మీంచి కాలు తీసి, స్టీరింగ్ తిన్నగా పట్టుకుని కూర్చున్నాను. అంతకుమించి ఏమీ చెయ్యలేదు. నాలుగైదు ఊపుల తర్వాత బండి దానంతటదే సర్దుకుంది. ఖాళీ స్థలం చూసి పక్కకి ఆపి, లోపలికి వెళ్ళి చూస్తే కారణం ఎదురుగానే ఉంది. వెనక గోడకు రెండు సైకిళ్ళు. వెనక మంచం కింద మంచినీళ్ళ డబ్బాలు, డబ్బాల మీద మడతపెట్టిన టెంటు. బరువంతా తోకలోనే. తప్పు రోడ్డు మీద జరగలేదు, ముందురోజు సాయంత్రం సామాను సర్దేటప్పుడే జరిగిపోయింది.

కారవాన్ అంటే షూటింగుల దగ్గర కనిపించే బస్సులాంటి బండి గుర్తొస్తుంది చాలామందికి. నేను చెబుతున్నది అది కాదు. ఇంజన్ లేకుండా, రెండు చక్రాల మీద, కారు వెనక తగిలించుకుని లాక్కెళ్ళే చిన్న ఇల్లు. దీన్ని అర్థం చేసుకోవడానికి ఎడ్లబండి కంటే మంచి పాఠం లేదు. బండి తోలేవాళ్ళకి ఇది ఒకరు చెప్పక్కర్లేదు. ముందు బరువెక్కువైతే భారం ఎద్దుల మెడ మీద పడుతుంది. వెనక ఎక్కువైతే కాడి పైకి లేస్తుంది. రెండూ కాకుండా, కాడి మీద కాస్త బరువు నిలిచేటట్టు బస్తాలు సర్దుతారు. కారవాన్‌లో కాడి స్థానంలో ఉండేది హిచ్. కారు వెనక ఉండే ఇనుప గుండు మీద కారవాన్ ముక్కు కూర్చుంటుంది. ఆ గుండు మీద పడే బరువే ఈ వ్యవహారం మొత్తానికి గుండెకాయ.

యూరప్ కారవాన్లకు సాధారణంగా చెప్పే లెక్క, సామానుతో కలిపిన మొత్తం బరువులో 5 నుంచి 7 శాతం హిచ్ మీద ఉండాలని. 1200 కిలోల కారవాన్ అయితే 60 నుంచి 84 కిలోలు. అమెరికాలో 10 నుంచి 15 శాతం అంటారు. అక్కడి ట్రెయిలర్ల నిర్మాణం, లాగే బళ్ళు వేరు. అందుకే కారుకీ, హిచ్‌కీ, కారవాన్‌కీ తయారీదారు రాసిన పరిమితుల్లో ఏది తక్కువైతే దాన్ని దాటకూడదు. కొలవడానికి పెద్ద పరికరమేమీ అక్కర్లేదు. చదునైన నేల మీద, చక్రాల ముందూ వెనకా చెక్కలు అడ్డం పెట్టి, ఒళ్ళు తూచుకునే మిషన్ మీద ఒక చెక్కముక్క నిలబెట్టి, దానిమీద కారవాన్ ముక్కును దించితే అంకె కనబడుతుంది. చెక్క ఎత్తు ఎంతుండాలంటే, కారుకి తగిలించినప్పుడు ముక్కు ఏ ఎత్తులో ఉంటుందో ఇప్పుడూ అంతే ఎత్తులో ఉండాలి. మిషన్ ఎంత బరువు వరకు చూపిస్తుందో మాత్రం ముందే చూసుకోండి.

ఈ అంకె ఎంత సులువుగా మారిపోతుందో చూడండి. ఇరుసు నుంచి హిచ్ 4 మీటర్ల దూరంలో ఉందనుకుందాం. సరిగ్గా ఇరుసు మీద 40 లీటర్ల నీళ్ళున్నాయి, అంటే 40 కిలోలు. వాటిని ఇరుసుకి 2 మీటర్లు వెనక్కి జరిపితే హిచ్ మీద 20 కిలోలు తగ్గిపోతాయి. ఉయ్యాలబల్ల లెక్కే. మొత్తం బరువు ఒక్క గ్రాము మారలేదు, కానీ 65 కిలోలున్న హిచ్ బరువు 45కి పడిపోయింది.

తోకలో బరువు ఉంటే ఊపెందుకు పెరుగుతుందో ఇప్పుడు చూద్దాం. కారవాన్ కారుకి ఒకే ఒక్క బిందువు దగ్గర తగులుకుని ఉంటుంది. అందుకే పక్కలకు తిరగగలదు. గాలి తోసినప్పుడు అది కొంచెం వంకరగా తిరుగుతుంది. అప్పుడు దాని టైర్లు నేలను పట్టుకుని మళ్ళీ దారిలోకి లాగుతాయి. వస్తూ వస్తూ మధ్యలో ఆగకుండా రెండో వైపుకి పోతుంది, గడియారం లోలకంలాగే. ప్రతి ఊపులోనూ టైర్లు నేల మీద కాస్త రాసుకుంటూ ఆ ఊపులోని శక్తిని తినేస్తాయి. అందుకే మామూలుగా రెండు మూడు ఊపులకే శాంతిస్తుంది.

చిక్కు వేగంతో వస్తుంది. టైరు పక్కకు ఎంత బలంతో లాగుతుందనేది అది జారే కోణాన్ని బట్టి, అంటే టైరు చూసే దిక్కుకీ నిజంగా పోయే దిక్కుకీ మధ్య తేడాని బట్టి ఉంటుంది. బండి పక్కకు ఊగే వేగం అంతే ఉండి, ముందుకు పోయే వేగం పెరిగితే ఆ కోణం చిన్నదైపోతుంది. ఊపుని తినేసే శక్తి తగ్గిపోతుంది. వేగం పెంచుకుంటూ పోతే ఒక చోట అది సున్నా అవుతుంది. దాన్ని దాటితే ఊపు తగ్గదు సరికదా, బండి ముందుకు పోయే శక్తినే తీసుకుని తనంతట తనే పెరుగుతుంది. ఆ హద్దు ఎంత వేగం దగ్గర ఉంటుందనేది ప్రతి బండికీ వేరు. దాన్ని చాలావరకు నిర్ణయించేది మన సర్దుడే.

చేత్తో తెలుసుకోవాలంటే ఒక కర్ర తీసుకుని, రెండు నీళ్ళ సీసాలు మధ్యలో కట్టి, మణికట్టుతో అటూ ఇటూ తిప్పండి. తర్వాత అవే సీసాలు రెండు కొసలకీ కట్టి తిప్పండి. రెండోసారి కదిలించడమూ కష్టమే, కదిలాక ఆపడం ఇంకా కష్టం. కావడి మోసేవాళ్ళు గబుక్కున వెనక్కి తిరగలేనిది ఇందుకే. తిరుగుడులో బరువు ప్రభావం దూరం వర్గంతో పెరుగుతుంది. 20 కిలోల పెట్టె ఇరుసుకి అర మీటరు దూరంలో ఉన్నప్పటి కంటే రెండున్నర మీటర్ల దూరంలో ఉన్నప్పుడు 25 రెట్లు ఎక్కువ మొండికేస్తుంది. కాబట్టి హిచ్ మీద బరువు సరిపోయేలా ముందు కొసన కొంత, వెనక కొసన కొంత పెట్టినా పని కాదు. మిషన్ మీద అంకె బాగానే కనబడుతుంది, కారవాన్ మాత్రం కావడైపోతుంది. బరువైనవి ఇరుసు దగ్గర, నేల మీద. దుప్పట్లు, బట్టలు, దిండ్లు పై అరల్లో. ఇదొక్కటీ చేస్తే మిగతా జాగ్రత్తలన్నీ తమ పని తాము చేసుకుంటాయి.

ఊపు మొదలైతే మనకు మూడు ఆలోచనలు వస్తాయి, మూడూ ప్రమాదమే. స్టీరింగ్‌తో సరిచేద్దామనుకుంటాం. ఒక్కో ఊపుకి పట్టేది ఒకటి రెండు సెకన్లు. మన చెయ్యి స్పందించేసరికి బండి అవతలి వైపు పోతుంటుంది, మన సవరణ దానికి ఇంకో తోపు అవుతుంది. గట్టిగా బ్రేకు వేద్దామనుకుంటాం. అప్పుడు ముందున్న కారు ఆగుతుంటే వెనకున్న బరువు దాన్ని వంకరగా నెడుతుంది. ఇంకొందరు వేగం పెంచితే తిన్నగా లాగబడుతుందని చెబుతారు. అది హద్దు దాటడానికి దగ్గరి దారి. కాలు తీసి, చేతులు కదపకుండా, వేగం దానంతట అది తగ్గనివ్వాలి.

గుండును గట్టిగా పట్టుకునే స్టెబిలైజర్లూ, ఊపును పసిగట్టి కారవాన్ బ్రేకులు తామే వేసే ఎలక్ట్రానిక్ పరికరాలూ ఇప్పుడు దొరుకుతున్నాయి. మంచివే, పెట్టించుకోండి. కానీ తప్పుగా సర్దిన బండిని అవి ఒప్పుగా మార్చవు.

లాగే కారు బరువు కూడా ముఖ్యమే. నిండిన కారవాన్ బరువు కారు సొంత బరువులో 85 శాతం దాటకపోతే మేలని బ్రిటన్‌లో కొత్తవాళ్ళకు సలహా ఇస్తారు. 1600 కిలోల కారుకి 1360 కిలోలు. అది చట్టం కాదు, కుక్కను తోక ఊపకుండా చూసుకునే ఇంగితం. ఇంట్లో అంచనా వేసుకునే బరువు ఎప్పుడూ తక్కువే ఉంటుంది, కనుక సామానంతా ఎక్కించాక వేబ్రిడ్జి మీద ఒకసారి తూయించండి.

ఘాట్ రోడ్డు దిగేటప్పుడు ఈ బరువు ఇంకో రూపంలో ఎదురవుతుంది. కారు, కారవాన్ కలిపి 2800 కిలోలనుకుంటే, 300 మీటర్ల ఎత్తు దిగేసరికి విడుదలయ్యే శక్తితో దాదాపు 25 లీటర్ల చన్నీళ్ళను మరిగించవచ్చు. అదంతా బ్రేకుల మీదే వేస్తే అవి కాగిపోయి పట్టు కోల్పోతాయి. దిగుడు మొదలవకముందే చిన్న గేరులోకి మారి ఇంజన్‌తో ఆపుకుంటూ, బ్రేకును అప్పుడప్పుడు గట్టిగా వేసి వదలాలి. చదును రోడ్డు మీదైనా 80 నుంచి 100కి వెళితే బండిలోని శక్తి 56 శాతం పెరుగుతుంది. ప్రయాణంలో కలిసొచ్చేది గంటకు 12 నిమిషాలు.

టైర్ల గురించి ఒక మాట. కారవాన్ ఏడాదిలో ఎక్కువ కాలం ఒకేచోట నిలబడి ఉంటుంది. దాని టైర్లు అరగకుండానే ముసలివైపోతాయి. గాడులు కొత్తగా కనిపిస్తాయి, పక్కగోడల్లో సన్నని పగుళ్ళుంటాయి. పక్కగోడ మీద నాలుగంకెల సంఖ్య వెతకండి. 2319 అని ఉంటే 2019లో 23వ వారంలో తయారైందని అర్థం. గాలి తక్కువైన టైరు నడుస్తున్నకొద్దీ ఎక్కువ వంగి వేడెక్కి పేలే ప్రమాదం ఉంది కాబట్టి, బయల్దేరే ముందు, టైరు చల్లగా ఉండగానే గాలి చూడాలి.

తగిలించాక ఒక పరీక్ష తప్పకుండా చెయ్యండి. జాకీ వీల్ అనే ముందు చిన్న చక్రాన్ని కిందికి తిప్పండి. హిచ్ సరిగ్గా పట్టుకుని ఉంటే కారవాన్‌తోపాటు కారు వెనక భాగమూ కొంచెం పైకి లేస్తుంది. ఒక్క కారవానే లేస్తే అది గుండు మీద ఊరికే కూర్చుని ఉందన్నమాట. తర్వాత ఆ చక్రాన్ని పూర్తిగా పైకెత్తి బిగించాలి. బండి విడిపోతే దాని బ్రేకును లాగే సన్నని కేబుల్‌ను కారుకి తగిలించాలి. వంట గ్యాస్ ఆపెయ్యాలి. కదులుతున్న కారవాన్‌లో ఎవరూ కూర్చోకూడదు, పిల్లలు ఎంత మారాం చేసినా సరే.

రివర్స్ మాత్రం చదివితే వచ్చేది కాదు, ఖాళీ మైదానంలో ఓ పూట గడపాలి. ఒక చిట్కా ఉంది. చెయ్యి స్టీరింగ్ అడుగు భాగాన పెట్టుకోండి. కారవాన్ వెనక భాగం ఎటు పోవాలో చేతిని అటు జరపండి. కొంచెం కొంచెంగా.

ఆరోజు మేం సైకిళ్ళు విప్పి లోపల ఇరుసు మీద పడుకోబెట్టాం. టెంటూ అక్కడికే చేరింది. నీళ్ళ డబ్బాలు రెండు పారబోశాం. మళ్ళీ బయల్దేరి ఇరవై కిలోమీటర్లు వెళ్ళాక ఆపి, దిగి, చక్రాల దగ్గర వంగి, హబ్బులకు, అంటే చక్రాల నడిమి భాగాలకు కాస్త దూరంలో చెయ్యి వెనక భాగం పెట్టి చూశాను. ఒకటి రెండోదానికంటే బాగా వేడిగా ఉంటే బ్రేకు పట్టేస్తోందనో, బేరింగ్ పాడవుతోందనో అనుమానించాలి. రెండూ ఒకేలా, గోరువెచ్చగా ఉన్నాయి. మా అమ్మాయి కూడా వచ్చి, నేను చేసినట్టే చెయ్యి తిప్పి పెట్టి చూసి, "సరిగ్గానే ఉంది నాన్నా" అంది. నట్లు ఇంకోసారి బిగించి బయల్దేరాం.