నలుగురూ కూడితే ఆలోచనలు తగ్గుతాయా?

ప్రపంచ ఆర్థిక వేదిక 2025లో ఉద్యోగాల భవిష్యత్తు మీద ఒక నివేదిక తెచ్చింది. వెయ్యికి పైగా సంస్థల యాజమాన్యాలను అడిగి, ఇవాళ్టి ఉద్యోగికి ఉండాల్సిన నైపుణ్యాలను వరస పెడితే సృజనాత్మక ఆలోచన నాలుగో స్థానంలో నిలిచింది. కొత్త ఆలోచనలు కావాలని అందరూ అంటున్నారు. వాటికోసం ఆఫీసుల్లో ఎక్కువగా జరిగేది మాత్రం ఒక్కటే. పదిమందిని గదిలో కూర్చోబెట్టి, ఒకరు బోర్డు దగ్గర మార్కర్ పట్టుకుని నిలబడి, "ఊఁ, ఐడియాలు చెప్పండి" అంటారు. దాని పేరు బ్రెయిన్‌స్టార్మింగ్. ఇది అనుకున్నంతగా పనిచేయదని మనస్తత్వ శాస్త్రవేత్తలు గమనించి అరవై ఏళ్లు దాటింది.

ఈ పద్ధతిని ప్రచారంలోకి తెచ్చింది అలెక్స్ ఆస్‌బార్న్. అమెరికాలోని బీబీడీవో అనే ప్రకటనల సంస్థ స్థాపకుల్లో ఒకరు. ఆయన పెట్టిన నియమాలు వినడానికి బాగుంటాయి: ఎవరి మాటనూ విమర్శించకూడదు, ఎంత వింత ఊహైనా చెప్పవచ్చు, ఎన్ని వస్తే అంత మంచిది, ఒకరి ఆలోచనకు మరొకరు మెరుగులు దిద్దాలి. ఇలా గుంపులో కూర్చుంటే సగటు మనిషికి ఒంటరిగా ఉన్నప్పటికన్నా రెట్టింపు ఆలోచనలు వస్తాయని కూడా ఆయన రాశారు. ప్రకటనల మనిషి కదా, తన సరుకును ఆమాత్రం పొగుడుకోవడంలో వింతేమీ లేదు.

ఆ మాటను 1958లో యేల్ విశ్వవిద్యాలయంలో ముగ్గురు పరిశోధకులు పరీక్షకు పెట్టారు. కొందరు విద్యార్థులను నలుగురేసి చొప్పున పన్నెండు జట్లుగా కూర్చోబెట్టారు. మరో 48 మందికి ఎవరి గది వారికిచ్చారు. ఇచ్చిన ప్రశ్నల్లో ఒకటి సరదాగా ఉంటుంది: ప్రతి మనిషి చేతికీ ఇంకో బొటనవేలు మొలిస్తే వచ్చే లాభాలేమిటి, ఇబ్బందులేమిటి? తర్వాత, విడిగా ఆలోచించిన నలుగురేసి జాబితాలను కలిపి, ఒకటికి రెండుసార్లు వచ్చినవి తీసేసి లెక్కపెట్టారు. రెట్టింపు మాట దాదాపు నిజమే అయింది, కాకపోతే తిరగబడి. విడివిడిగా కూర్చున్న నలుగురికి, కలిసి కూర్చున్న నలుగురికన్నా సుమారు రెండు రెట్లు ఎక్కువ ఆలోచనలు వచ్చాయి.

ఎందుకిలా? మొహమాటం అనుకోవచ్చు. లేదా నలుగురున్నారు కదా, ఎవరో ఒకరు చెబుతారులే అన్న బద్ధకం కావచ్చు. జర్మనీలో మైకేల్ డీల్, వోల్ఫ్‌గాంగ్ స్ట్రోబే 1987లో ఈ కారణాలను ఒక్కొక్కటిగా విడదీసి చూశారు. రెండూ కొంత నిజమే గానీ, అసలు దోషి వేరే. గదిలో ఒకసారి ఒక్కరే మాట్లాడగలరు. అది రుజువు చేయడానికి వాళ్లు చేసిన ఏర్పాటు తమాషాగా ఉంటుంది. మనుషులను వేర్వేరు గదుల్లో ఉంచి, ఎదురుగా దీపాలు పెట్టారు. పక్క గదిలో ఎవరైనా మాట్లాడుతుంటే దీపం వెలుగుతుంది. అది ఆరేదాకా వీళ్లు నోరు మెదపకూడదు. పక్కవాళ్ల మాటలు వినబడకపోయినా, కేవలం ఆగాల్సి రావడం వల్లే ఆలోచనల సంఖ్య బాగా పడిపోయింది. తన వంతు వచ్చేదాకా ఉన్న ఆలోచనను మరచిపోకుండా పట్టుకుని కూర్చుంటే కొత్తది పుట్టదు. ఈలోగా ఎదుటివారి మాట విని మన ఆలోచన కూడా అటే మళ్లుతుంది.

చిత్రమేమిటంటే, ఇంత జరిగినా గదిలోంచి బయటికొచ్చేవాళ్లు "భలే సాగింది" అనే అనుకుంటారు. నలుగురి మాటలూ చెవిన పడ్డాయి కాబట్టి అందులో తమ వాటా ఎక్కువనిపిస్తుంది. ఈ భ్రమ మీద కూడా పరిశోధనలున్నాయి. బ్రెయిన్‌స్టార్మింగ్ ఇన్నేళ్లు బతికి బట్టకట్టడానికి ఇదే కారణమని నాకనిపిస్తుంది.

గుంపులో కరిగిపోయేది మనిషికీ మనిషికీ మధ్య ఉండే తేడా. కొత్త ఆలోచనకు ముడిసరుకు అదే. ఆలేరు ప్రాంతపు చేనేత కుటుంబంలో పుట్టిన చింతకింది మల్లేశం సంగతే చూడండి. చీర నూలును రంగు అద్దకానికి ముందు మేకుల చుట్టూ చుట్టే పనిని ఆసు పోయడం అంటారు. ఒక్కో చీరకు చేయి వేలసార్లు అటూ ఇటూ తిరగాలి. ఆ పనితో తల్లి లక్ష్మి పడే భుజం నొప్పి చూడలేక ఆయన యంత్రానికి పూనుకుని ఏళ్ల తరబడి కుస్తీ పట్టారు. ఆఖరి చిక్కు 1999లో విడింది. పని కోసం హైదరాబాద్‌లోని బాలానగర్ వెళ్లినప్పుడు అక్కడ ఇంకేదో పని చేస్తున్న ఒక యంత్రం కదలిక ఆయన కంటపడింది. ఆసు కష్టం బాలానగర్‌లో ఎవరికీ తెలియదు, బాలానగర్ యంత్రం మగ్గం దగ్గర ఎవరికీ తెలియదు. రెండూ ఒకే బుర్రలో కలిశాయి. 2017లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది.

ఇప్పుడు ఆఫీసు గదిలోకి ఇంకొకరు వచ్చి కూర్చున్నారు: కృత్రిమ మేధ. 2024లో అనిల్ దోషి, ఆలివర్ హౌసర్ దాదాపు 300 మందితో చిన్న కథలు రాయించారు. కొందరికి కృత్రిమ మేధ ఇచ్చిన ఊహలు అందుబాటులో ఉంచారు, కొందరికి ఉంచలేదు. సాయం తీసుకున్నవారి కథలకు పాఠకులు ఎక్కువ మార్కులేశారు, ముఖ్యంగా స్వతహాగా ఊహాశక్తి తక్కువున్నవారికి మేలు జరిగింది. కానీ ఆ కథలన్నీ పక్కపక్కన పెడితే ఒకదానికొకటి ఎక్కువ పోలికతో ఉన్నాయి. విడిగా ఎవరికి వారికి లాభం, మొత్తం మీద అందరికీ నష్టం. ఒక కంపెనీలో వందమంది ఒకే యంత్రాన్ని ఒకే ప్రశ్న అడిగితే, సమావేశం పెట్టకుండానే అందరి ఆలోచనా ఒకే దారి పడుతుంది.

మరి సమావేశాలు మానేయాలా? అక్కర్లేదు, వరస మారిస్తే చాలు. కరన్ గిరోత్రా, మరో ఇద్దరు పరిశోధకులు 2010లో చూపించింది ఇదే: ముందు ఎవరికి వారు కాసేపు ఆలోచించి, ఆ తర్వాత కలిసి కూర్చున్న జట్లకు మొదటినుంచీ కలిసే ఉన్న జట్లకన్నా ఎక్కువ ఆలోచనలు, మేలైన ఆలోచనలు వచ్చాయి. ఆన్‌లైన్ మీటింగులకైతే ఇంకో వెసులుబాటు ఉంది. నోటితో ఒక్కరే మాట్లాడగలరు గానీ, చాట్ పెట్టెలో అందరూ ఒకేసారి టైప్ చేయవచ్చు. వంతు కోసం ఆగే బాధ తప్పుతుంది. పెద్ద జట్లలో ఈ పద్ధతి నోటిమాట కన్నా మెరుగని 1990ల మొదట్లోనే పరీక్షల్లో తేలింది. మేనేజరు చివర టైప్ చేస్తే ఇంకా మంచిది. కృత్రిమ మేధను అడిగేది ఆయన తర్వాతే.