వాడ, తండా, మనసు: కొన్ని అపోహలు - వాస్తవాలు

నల్లగొండ చుట్టుపక్కల దళిత వాడల్లో, దేవరకొండ వైపు తండాల్లో మానసిక ఆరోగ్యంపై పనిచేస్తుంటే పదే పదే వినిపించే మాటలివి.

అపోహ: కూలి జనానికి డిప్రెషన్ ఎక్కడిది? తాగుడే వాళ్ల రోగం.

వాస్తవం: ఉంటుంది, కాకపోతే ఆ పేరుతో రాదు. తల బరువు, గుండె దడ, నరాల బలహీనత అంటారు. ఆర్‌ఎంపీ దగ్గర సెలైన్లు ఎక్కించుకుని, అప్పులయ్యాక మా దగ్గరికి వస్తారు. 2015-16 జాతీయ మానసిక ఆరోగ్య సర్వే ప్రకారం ఇలాంటి సమస్యలున్న వారిలో దాదాపు 85 శాతం మందికి చికిత్సే అందడం లేదు.

అపోహ: వాడ వదిలి టౌనుకు వస్తే మనసు కుదుటపడుతుంది.

వాస్తవం: ఇది చదువుకున్నవారు కూడా నమ్మే మాట. ఫారిస్, డన్‌హామ్ అనే సామాజిక శాస్త్రవేత్తలు షికాగోను పరిశీలించి 1939లో ప్రచురించిన అధ్యయనంలో, నగర నడిబొడ్డు పేదపేటల్లో స్కిజోఫ్రీనియా అనే తీవ్ర మానసిక వ్యాధి ఎక్కువగా కనిపించింది. అందరూ చెప్పేది ఇంతవరకే. తమవారు తక్కువగా ఉన్న పేటల్లో బతికే నల్లజాతివారిలో అది ఇంకా ఎక్కువని కూడా వాళ్లే చూపారు.

ఇక్కడా అలాంటి ఒంటరితనమే చూస్తున్నాను. ఇంటి ఓనరు ముందు కులం అడుగుతాడు, అడ్వాన్సు మాట ఆ తర్వాతే. పిల్లల చదువు కోసం వచ్చినవారు వేరే కులం చెప్పి దిగుతారు. అంబేడ్కర్ ఫొటో బీరువాలో బట్టల కిందికి చేరుతుంది. ఆదివారం కూర వాసన బయటికి పోకుండా కిటికీలు మూస్తారు. ఊరి నుంచి చుట్టాలొస్తే గుట్టు బయటపడుతుందని రావద్దంటారు. వాడలో ఉండగా కష్టమొస్తే గడపలో పదిమంది కూర్చునేవారు. అలాగని వాడను ఊరికి దూరంగానే ఉంచమని నేననడం లేదు. ఆ దూరం పెట్టినవారు వేరు, భరిస్తున్నవారు వేరు.

అపోహ: మందులు మధ్యలో మానేయడానికి మూఢనమ్మకాలే కారణం.

వాస్తవం: కొంతవరకే. 2018 తెలంగాణ పంచాయతీరాజ్ చట్టంతో చాలా తండాలు గ్రామపంచాయతీలయ్యాయి, సంతోషం. మందు బిళ్ల కోసం మాత్రం నెలనెలా ఒక రోజు కూలి పోగొట్టుకుని, ఆటో ఛార్జీ పెట్టుకుని టౌనుకు రావాల్సిందే. మందు మానేసిన కారణంగా రికార్డులో రాసేది “భూతవైద్యం”. ఆటో ఛార్జీకి అందులో గడి లేదు.

అపోహ: కౌన్సెలింగ్‌తో అవమానాన్ని మరిచిపోవచ్చు.

వాస్తవం: నిద్రకు, చావు ఆలోచనలకు కౌన్సెలింగ్ పనిచేస్తుంది. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కు ఎప్పుడైనా ఉచితంగా ఫోన్ చేసి తెలుగులో మాట్లాడవచ్చు. హోటల్లో దళితులకు వేరే గ్లాసు పెట్టడం మాత్రం 1955 పౌరహక్కుల పరిరక్షణ చట్టం కింద నేరం. దానికి వెళ్లాల్సింది పోలీస్ స్టేషనుకు.